దిగితే గోదారి, ఎక్కితే రామయ్య

శనివారం

లాడ్జి కౌంటర్‌లో పదకొండేళ్లుగా కూర్చుంటున్నాను. రాసుకోవడానికి ఏముందని ఎన్నడూ పెన్ను పట్టలేదు. ఈ రోజు ఉంది.

నెల్లూరు నుంచి ఒంటరిగా వచ్చిన పెద్దావిడ రెండు రోజులుగా గది దాటలేదు. భద్రాచలం రావడం ఇదే మొదలు, తప్పిపోతానని భయం. రేపు పొద్దున్నే బస్సు. గుడీ గోదావరీ చూడకుండానే వెళ్లిపోయేలా ఉంటే నేనే వెళ్లి చెప్పాను.

"అమ్మా, దారి మర్చిపోతే రోడ్డు వాలు చూడుర్రి. దిగితే గోదారి, ఎక్కితే రామయ్య. మన లాడ్జి నడుమల ఉంటది."

మేనేజర్ నవ్వాడు. "గిట్ల చెప్తే దారి దొరుకుతదా అక్కా? ఫోన్‌ల మ్యాప్ లేదా?"

"ఆమెకు ఫోన్‌ల అక్షరాలు కనపడయి సార్. వాలు కాళ్లకు తెలుస్తది."

ఆమె వెళ్లాక రెండు గంటలు మనసు కుదుటపడలేదు. ఎటైనా పోతే పాపం నాదే కదా. చివరికి తడిసిన కుచ్చిళ్లతో, చేతిలో ప్రసాదంతో వచ్చింది. "ఎవుర్నీ అడగలా అమ్మా, కాళ్లే తీసుకొచ్చినాయి" అంది.

సాయంత్రం కొత్తగా దిగిన కుటుంబానికి మేనేజరే నా మాట చెప్పాడు. రిజిస్టర్ రాస్తున్నట్టు తల దించుకున్నాను గాని, లోపల పండగే.

ఇది గర్వమేమో, రామయ్యా. ఈ కాగితం నీ పటం వెనక పెడుతున్నాను. దాచిపెట్టు, ఎవరికీ చూపించకు.