ఇరవయ్యో కంట్రోల్

అయ్యా,

నమస్కారం. గొంతు దగ్గరుండే థైరాయిడ్ గ్రంథి మందగించినవాళ్ళ మీద మా విభాగం చేస్తున్న పరిశోధనకు మీ అంతట మీరే ముందుకొచ్చారు. చాలా సంతోషం. మీరు నింపిన ఫారం చూశాను. జబ్బుల గురించి అడిగిన పద్దెనిమిది ప్రశ్నలకీ కాగితం చిరిగేంత గట్టిగా ‘లేదు’ అని రాశారు. అందుకని మిమ్మల్ని ఇరవయ్యో కంట్రోల్‌గా తీసుకున్నాం.

వచ్చే వారం నుంచి ఆరు సోమవారాలు ఉదయం సరిగ్గా ఎనిమిదింటికి వచ్చి రక్తం ఇవ్వాలి. అంతకుమించి మీరు చేయాల్సిందేమీ లేదు.

ఇట్లు,
హార్మోన్ల విభాగం డాక్టరు

తా.క.: ఖాళీ కడుపుతో రండి.

*

డాక్టరమ్మ గారికి బస్సు డిపో మాజీ కంట్రోలరు నమస్కరించి రాయునది.

మీ ఉత్తరం అందింది. మా ఆవిడకి రెండుసార్లు చదివి వినిపించాను. నేను రిటైరై రెండేళ్ళయింది. ఈ రెండేళ్ళలో నా అనుభవాన్ని గుర్తించిన ఆఫీసు మీదొక్కటే. ఇరవయ్యో కంట్రోల్ అన్నారు. అంటే నాకు ముందు పంతొమ్మిది మంది వచ్చి, మీ వాళ్ళతో వేగలేక చేతులెత్తేశారన్నమాట. అర్థమైంది. ఇక మీరు నిశ్చింతగా ఉండండి.

చేయాల్సిందేమీ లేదనడం మీ మంచితనం. ఏడున్నరకే వచ్చి డ్యూటీ ఎక్కుతాను.

ఇట్లు,
మీ కంట్రోలు

తా.క.: విజిల్ నాదే తెచ్చుకుంటాను. మీరు కొనక్కర్లేదు.

*

కంట్రోలరు గారికి నమస్కారం.

ఫోను చేస్తే మీరు నన్ను ఒక్క ముక్క మాట్లాడనివ్వలేదు కాబట్టి రాస్తున్నాను.

సోమవారం ఏం జరిగిందో సిస్టరు చెప్పింది. మీరు వెయిటింగు హాల్లో విజిల్ ఊదారట. పేషెంట్లని ‘ఎక్స్‌ప్రెస్’, ‘ఆర్డినరీ’ అని రెండు వరుసలు కట్టమన్నారట. ఎక్స్‌ప్రెస్ వరుసలోకి ఒక్కరూ రాలేదని కేకలేశారట. అయ్యా, వాళ్ళు గ్రంథి మందగించినవాళ్ళు. వాళ్ళకి అడుగు తీసి అడుగు వేయడమే కష్టం. అందుకే కదా మా దగ్గరికొచ్చారు! అదీగాక ఆ జబ్బున్నవాళ్ళకి ఊరికే చలేస్తుంది. అలాంటివాళ్ళ నెత్తిన మీరు నాలుగు ఫ్యాన్లూ ఐదు మీద తిప్పారు. పాపం, ఒకరి శాలువాలో ఒకరు దూరి కూర్చున్నారట.

కంట్రోల్ అంటే అజమాయిషీ చేయడం కాదు. మీరు మాకు కొలబద్ద లాంటివారు. మీతో పోల్చి చూసి, మిగతావాళ్ళలో తేడా ఎంతుందో కనిపెడతాం. దయచేసి అర్థం చేసుకోండి.

ఇట్లు,
డాక్టరు

తా.క.: మీరు గుడ్లురిమి చూస్తున్నారని సిస్టరు రెండు రోజులు సెలవు పెట్టింది.

*

డాక్టరమ్మ గారికి కొలబద్ద నమస్కరించి రాయునది.

ఈ మాట ముందే చెప్పి ఉంటే మొదటి సోమవారం వృథా పోయేది కాదు. నాతో పోల్చి తేడా కనిపెట్టడానికి మీకు శ్రమెందుకు? హాల్లో ఉన్నది నేనేగా! రెండో సోమవారం నేనే కనిపెట్టేశాను.

శాలువా టీచరమ్మ: పేరు పిలిచాక లేచి నిలబడటానికి నలభై సెకన్లు. తేడా.

కళ్ళజోడు దర్జీ: నేను తిడుతుండగా నిద్రపోయాడు. బాగా తేడా.

మీ సిస్టరు: ఊరికే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. కొంచెం తేడా.

మీరు: ఎనిమిది దాటి పన్నెండు నిమిషాలకి వచ్చారు. మీ పేరు పక్కన ఏం రాయాలో తోచక ఖాళీ వదిలాను.

ఫ్యాన్ల సంగతంటారా, అంత ఉక్కలో శాలువా కప్పుకునేవాళ్ళని నా సర్వీసులో చూడలేదు. నేను చొక్కా పిండుకుంటుంటే వాళ్ళు వణుకుతారా? నటన!

ఇట్లు,
కంట్రోలు

తా.క.: రక్తం గొట్టాలు తిప్పే యంత్రం టైముకంటే ముందే ఆగిపోయింది. ల్యాబులో అతనికి చెప్పి ఇంకో ట్రిప్పు వేయించాను.

*

అయ్యా కంట్రోలరు గారూ,

ఆ యంత్రం ముందే ఆగలేదు. దాని పని అయిపోయి ఆగింది. మీరు వేయించిన రెండో ట్రిప్పుతో పదకొండు గొట్టాలు పనికిరాకుండా పోయాయి. పదకొండు మందినీ మళ్ళీ పిలిపించి, మళ్ళీ సూది గుచ్చాం. దర్జీ గారు ఆ సూదికి కూడా నిద్రలేవలేదనుకోండి, అది వేరే సంగతి.

మిమ్మల్ని ఇవాళే పంపేద్దును. కానీ వచ్చే నెల తనిఖీ సంఘం వస్తోంది. జబ్బు లేనివాళ్ళు ఇరవై మంది ఉండి తీరాలి. పంతొమ్మిదైతే నా నాలుగేళ్ళ పని మూలపడుతుంది. ఊరంతా వెతికితే ఇరవయ్యోవారు మీరు దొరికారు. నా ఖర్మ!

కాబట్టి ఇంతకంటే విడమరిచి చెప్పడం నా వల్ల కాదు. కంట్రోల్ అంటే ఏ జబ్బూ లేని మనిషి. అంతే. మీ హోదా అది కాదు, అనుభవం కాదు, విజిల్ అసలే కాదు. మీరు చేయాల్సిందల్లా ఏ జబ్బూ లేకుండా ఒక కుర్చీలో కూర్చోవడం. ఆ ఒక్క పనీ చేసిపెట్టండి.

ఇట్లు,
డాక్టరు

తా.క.: కూర్చోమన్నాను కదా అని డ్రైవరు సీటు కావాలని అడగకండి.

*

డాక్టరమ్మకి,

ఉభయకుశలోపరి అని రాసే స్థితిలో లేను.

ఏ జబ్బూ లేని మనిషినా నేను? ఇంత మాట నన్నెవరూ అనలేదు. రోజూ మూడు పూటలా ఇద్దరి తిండి తింటున్నాను, అయినా రెండేళ్ళలో పదకొండు కిలోలు తగ్గాను. రాత్రిళ్ళు కునుకు లేదు. చేతులు వణికి చొక్కా గుండీలు మా ఆవిడే పెడుతోంది. ఫ్యాను కింద కూర్చున్నా చెమటలు. గుండె నిమిషానికి నూట ఇరవై సార్లు కొట్టుకుంటోంది. వాచీ పెట్టి లెక్కపెట్టాను, డిపో వాచీ, సెకను తేడా ఉండదు. ఇన్ని పెట్టుకుని కూడా ఏడున్నరకి డ్యూటీకొస్తుంటే, ఏ జబ్బూ లేనివాడని చులకన చేస్తారా?

ఫారంలో ‘లేదు’ అని ఎందుకు రాశావంటారేమో. ఉద్యోగం దరఖాస్తులో జబ్బులు రాసుకునే అమాయకుడు ఎవడైనా ఉంటాడా?

రాజీనామా చేస్తున్నాను.

ఇట్లు,
ఒకప్పటి కంట్రోలు

తా.క.: రాజీనామా ఆమోదించే దాకా సోమవారాలు వస్తాను.

*

అయ్యా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి కోపంతో. రెండోసారి భయంతో. మూడోసారి సిగ్గుతో.

మీలాంటివారి గొట్టాలన్నీ దాచి చివర్లో ఒకేసారి పరీక్షిస్తాం. ఇవాళ మీది ఒక్కటీ ఫ్రీజరులోంచి తీయించి, దగ్గరుండి చూశాను. హాల్లో ఉన్నవాళ్ళందరికీ మందగించిన గ్రంథే మీకు అదుపు తప్పి పరుగెడుతోంది. చెమట, వణుకు, తూకం తగ్గడం, చివరికి ఆ కేకలు కూడా దాని పనే. మీరు గుడ్లురమడం లేదు, గుడ్లే ముందుకొస్తున్నాయి. గ్రంథుల డాక్టరునై ఉండి, ఎదురుగా కూర్చున్న మనిషి మీద ఫిర్యాదులు విన్నానే తప్ప ఆ మనిషి వంక చూడలేదు. నన్ను క్షమించండి.

రేపు పొద్దున్నే రండి. ఆలస్యం చేస్తే గుండెకి ముప్పు. మందుంది, తగ్గుతుంది. మీరిక కంట్రోల్ కారు. సంఘం వాళ్ళని బతిమాలితే రెండు నెలలు గడువిచ్చారు. ఆలోగా ఇరవయ్యో మనిషి దొరికితే సరే, లేకపోతే పరిశోధన కట్టేస్తారు. అది నా బాధ. మీరు రావడం ముఖ్యం.

ఇట్లు,
డాక్టరు

తా.క.: మీ జాబితాలో నా పేరు పక్కన వదిలిన ఖాళీలో ‘తేడా’ అని రాసుకోండి.

*

డాక్టరు తల్లికి నమస్కరించి రాయునది.

మందు మొదలుపెట్టి ఏడు వారాలైంది. నాలుగు కిలోలు పెరిగాను. నిద్ర పడుతోంది. నిన్న గుండీలు నేనే పెట్టుకున్నాను. టీచరమ్మ గారికి, దర్జీ గారికి, సిస్టరమ్మకి విడివిడిగా క్షమాపణ ఉత్తరాలు రాశాను. వీలైతే అందజేయండి, వీలు కాకపోతే ఫర్వాలేదు, మీకు శ్రమ అనుకుంటే అసలు వద్దు. నా వల్ల మీ నాలుగేళ్ళ పని ఆగిపోతుందేమోనని బెంగగా ఉంది.

ఇట్లు,
మీ పేషెంటు

తా.క.: అమ్మా, ఇది రాస్తున్నది వాళ్ళావిడని. ఆయనకి తెలియకుండా కవరు విప్పి రాస్తున్నాను.

మీ ఇరవయ్యో మనిషిగా నేనొస్తాను. ఫారం నింపి ఇందులోనే పెట్టాను. అయితే ఈసారి ముందు రక్తం చూసి ఆ తర్వాతే తీసుకోండి, మా ఇంట్లోవాళ్ళ ‘లేదు’ నమ్మకండి. కంట్రోల్ అంటే ఏమీ చేయనక్కర్లేదని మీ ఉత్తరాల్లో చదివాకే ధైర్యం వచ్చింది.

ఇంకో సంగతి మీకు చెప్పాలి. డిపోలో ఈయన ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేస్తే ఒక్క డ్రైవరూ ఈయన మాట వినలేదు. అందరూ ‘వెన్నముద్ద’ అనేవాళ్ళు. విజిల్ రిటైరైన రోజున ఇచ్చారు, అంతకుముందు ఏ విజిలూ ఊదిన పాపాన పోలేదు. రిటైరయ్యాక ఉన్నట్టుండి ఒకరోజు గేటు దగ్గర నిలబడి పక్కింటాయన మీద కేకలేశారు. ఇన్నాళ్ళకి ఈయనకి నోరొచ్చిందని వంటింట్లో నిలబడి మురిసిపోయానమ్మా. అది జబ్బని తెలిశాక రెండు రోజులు ముద్ద దిగలేదు. మనిషి దక్కాడు, అదే పదివేలు. మీ మేలు మరిచిపోలేను.

కాకపోతే ఒక్క మనవి. నిన్నటి నుంచి పక్కింటాయన మళ్ళీ మా గేటుకి అడ్డంగా స్కూటరు పెడుతున్నాడు. ఈయన వెళ్ళి దాని మీద దుమ్ము తుడిచి వచ్చారు. ఆ గ్రంథిని మరీ పూర్తిగా అణిచేయకుండా, గేటు వరకు సరిపోయేంత మిగల్చడానికి మీ దగ్గర మందేమైనా ఉందా?