చిన్నదాని కాగితం

తోటపల్లి గూడూరు,
శనివారం.

చిరంజీవి ఉషారాణికి మీ నాయన హజరత్తయ్య దీవించి రాసేది. ఇక్కడ నేనూ, మీ అమ్మా, నీ బిడ్డ వాణీ వేళకు ఇంత తింటూ ఉన్నచోటే ఉన్నాం. నువ్వు కూడా ఒంట్లో బాగుండి, నువ్వు పనిచేసే ఆ ఇంటామె కేకలు కొంచెం తగ్గి, కాస్త నిద్రపోతున్నావని తలుస్తాను.

మన ఊరి అబ్బాయి సమాధానం సెలవు మీద వచ్చినప్పుడు నువ్వు ఇచ్చి పంపిన ఉత్తరం, ఖర్జూరాలు అందాయి. అతను సోమవారం మళ్ళీ కువైట్‌కు బయలుదేరుతున్నాడు. ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. నాలుగు రోజులుగా కూర్చుని రాస్తున్నాను. ఫోనులో చెప్పవచ్చు గదా అంటావు. శుక్రవారం నువ్వు ఫోను చేస్తే స్పీకరులో పెట్టి ముగ్గురం వింటాం. ఇది అట్లా చెప్పే మాట కాదు, ఇంకొకరి చేత రాయించే మాట అంతకన్నా కాదు. ఎవరూ లేనప్పుడు చదువు.

మీ అమ్మ మోకాళ్ళ సంగతి అడిగావు. నువ్వు పంపిన తైలం వాసన బాగుంది, నొప్పి మాత్రం అట్లాగే ఉంది. రొయ్యల గుంటకు ఇచ్చిన పొలం వెనక్కి తీసుకుని మళ్ళీ వరి నాటమని రాశావు. ఉప్పు పట్టిన నేల అది. ఇప్పుడు అందులో గడ్డి కూడా మొలవదు. ఇచ్చే రోజే మీ అమ్మ వద్దంది. నేను వినలేదు.

వాణి ఫోనులో ఊ, ఆ తప్ప మాట్లాడడం లేదని, దానికి నీ మీద కోపమా అని అడిగావు. నీ మీద కాదు. ఆ సంగతి కింద రాస్తాను. ముందు దాని ఆట గురించి చెప్పకపోతే ఆ మాట చెప్పడం నా వల్ల కాదు.

అల్లుడు నరేంద్రబాబు హైవే మీద లారీ గుద్ది పోయినప్పుడు, నువ్వు బిడ్డను మాకు అప్పగించి విమానం ఎక్కావు. మన గడపలో పుట్టిన పిల్ల రొయ్యల తలలు తీసే షెడ్డుకు పోకూడదని ఆ రోజే అనుకున్నాను. మనుబోలు పిల్ల ఒకతి హాకీ ఆడి పోలీసు ఉద్యోగం తెచ్చుకుంది. అది యూనిఫాం వేసుకుని బస్సు దిగితే దాని తాత వెనక సంచి మోసుకుంటూ నడిచాడు. నేను కళ్ళారా చూశాను. ఆ తాత నడిచిన నడక నాకు కావాలనిపించింది. ఇంకేదో గొప్ప కారణం ఉందని నీకు అబద్ధం రాయను.

పొద్దున నాలుగింటికి లేపుతాను. ఎక్సెల్ బండి మీద నెల్లూరుకు ఇరవై కిలోమీటర్లు. ఎనిమిదింటి దాకా గ్రౌండులో ఆట, అక్కడే చద్దన్నం, అక్కడి నుంచే స్కూలు. సాయంత్రం మళ్ళీ గ్రౌండు. ఆదివారం కోచ్ సుశీల్ కుమార్ విడిగా నేర్పిస్తాడు. ఎండాకాలం సెలవుల్లో ఒక క్యాంపు, దసరా సెలవుల్లో ఇంకొకటి. మీ పిన్నమ్మ మనవరాలి ఓణీల ఫంక్షనుకు పోతానని ఏడిస్తే పంపలేదు. చీలమండ బెణికితే చింతపండూ ఉప్పూ ఉడికించి పట్టు వేసి మూడో నాడు గ్రౌండులో దించాను. గ్రౌండు గీత పక్కన నిలబడి నేను వేసే కేకలకు అంపైరు రెండుసార్లు ఆట ఆపి నన్ను గేటు బయటకు పంపాడు. హాకీ కర్ర నేను పుట్టాక చేత్తో పట్టింది లేదు. అయినా ఎట్లా కొట్టాలో దానికి రోజూ చెప్పాను.

డిసెంబరులో నెల్లూరులో పద్నాలుగేళ్ళ లోపు పిల్లల ఫైనలు జరిగింది. వాణి కొట్టిన బంతి అవతలి జట్టులో ఒక చిన్న పిల్ల నోటికి తగిలింది. రెండు పళ్ళు ఊడి చేతిలోకి వచ్చాయి. అది కింద పడి ఏడుస్తుంటే నేను గీత పక్క నుంచి “అట్టా కొట్టాలి” అని అరిచాను. ఆ పిల్ల తండ్రి బిడ్డ నోటికి తువ్వాలు అదిమిపెట్టి నా దగ్గరికి వచ్చాడు.

“మీ పిల్లకు ఎన్నేళ్ళు పెద్దాయనా?”

పదమూడు అని చెప్పాను. అతను వాణిని కింది నుంచి పైదాకా ఒకసారి చూశాడు. బిడ్డను ఎత్తుకుని పోయాడు. వాణి జట్టు గెలిచింది. వాణి మాత్రం రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఇంటికి వచ్చే దారిలో బండి మీద వెనక కూర్చుని ఒకే మాట అంది.

“తాతా, నేను నా ఈడు వాళ్ళతో ఆడతా. ఓడిపోతే ఓడిపోతా.”

నోరు మూసుకుని కూర్చోమన్నాను.

ఈ నెల మొదట్లో దాన్ని రాష్ట్రం క్యాంపుకు తీసుకున్నారు. గుంటూరులో. ఊళ్ళో అందరికీ నేనే చెప్పుకుని తిరిగాను. మూడు రోజులకు సుశీల్ కుమార్ ఇంటికి వచ్చి నన్ను రొయ్యల గుంటల గట్టు మీదికి తీసుకుపోయాడు. క్యాంపులో పిల్లలందరికీ మణికట్టు ఎక్స్‌రే తీస్తారట, ఎముకను చూసి వయసు చెబుతారట. తన బంధువుల్లో పన్నెండేళ్ళ పిల్ల ఉంది, ఆ రోజు ఆ పిల్లను తెస్తానన్నాడు.

“చెయ్యి ఎవరిదైతే ఏంది పెద్దాయనా, ఎక్స్‌రేలో మొహం పడదు గదా” అన్నాడు.

సరే అన్నాను.

ఇప్పుడు అసలు సంగతి. చదవడం ఆపవద్దు.

ఏడాదిన్నర కింద వాణిని నెల్లూరు స్కూల్లో చేర్చినప్పుడు, వాళ్ళు పరీక్ష పెట్టారనీ, అందులో అది తప్పిందనీ, అందుకే తొమ్మిదిలో ఉండాల్సిన పిల్లను ఏడులో వేశారనీ నీకు చెప్పాను. పరీక్షా లేదు, తప్పడమూ లేదు. ఎనిమిదిలో అది మంచి మార్కులతోనే పాసైంది. రెండు తరగతులు కిందికి దించింది నేను. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్లో ఇంకో రెండేళ్ళు ఆడాలని. ఆ శుక్రవారం నువ్వు ఫోనులో దాన్ని బుర్ర తక్కువదానా అన్నావు, కర్ర పట్టుకుని ఎగిరితే చదువు ఇట్లాగే తగలబడుతుందన్నావు. అది నా మొహం చూసింది. నేను తల తిప్పుకున్నాను. అది “సరేమ్మా, ఇంక బాగా చదువుతాను” అని చెప్పి ఫోను పెట్టేసింది. ఈ రోజు దాకా అసలు సంగతి అది నీకు చెప్పలేదు, నన్నూ అడగలేదు.

కింద తరగతిలో వేయాలంటే పుట్టిన కాగితం కావాలి. కాగితాలు నువ్వే చూసుకోమని సుశీల్ కుమార్ ఊరుకున్నాడు. ఎక్కడ తెచ్చానో అతనికి తెలియదు. ఆ ఆలోచన నాది, నా ఒక్కడిదే.

నీ ట్రంకు పెట్టెలో చీరల అడుగున చిన్నదాని కాగితం ఉంది. వాణి పుట్టిన రెండేళ్ళకు నీకు పుట్టి పదకొండు రోజులకు పోయిన బిడ్డది. పుట్టుక ఆసుపత్రి వాళ్ళు రాశారు. పోవడం మనం ఎక్కడా రాయించలేదు. “ఉషారాణికి ఆడశిశువు” అని ఉంది, పేరు రాయాల్సిన చోట ఖాళీ ఉంది. ఆ ఖాళీలో వాణి అని రాయించాను. సంతకం నేనే పెట్టాను. ఆధార్ కార్డులో తేదీ కూడా దాని ప్రకారమే మార్పించాను. వాణి అడిగితే, సర్కారు వాళ్ళు ఏదో ఒక తేదీ వేస్తారులే అని కసిరాను.

ఎక్స్‌రేకు అసలు కాగితం జత చేయాలని దాన్ని బయటికి తీశాను. వాణి దాన్ని చేతిలోకి తీసుకుని చూడడం అదే మొదలు. వంటింట్లో మీ అమ్మ దగ్గర కూర్చుని పైకి చదివింది. నవంబరు పద్దెనిమిది అనగానే మీ అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ రోజు పుట్టింది నువ్వు కాదే అని, ఎవరు పుట్టారో ఏమయ్యారో అంతా చెప్పేసింది. తనకొక చెల్లెలు పుట్టిందని వాణికి అప్పటిదాకా తెలియదు.

మీ అమ్మ వసారాలోకి వచ్చి నా ముందు నిలబడింది.

“ఏమయ్యా, ఆ బిడ్డను కూడా గ్రౌండుకు తోలినావా?”

ఆ మాట తర్వాత రెండు వారాలు నాతో మాట్లాడలేదు. కంచం నా ముందు పెట్టి లోపలికి పోయేది.

మర్నాడు వాణి అలుగుతుందని, లేవదని అనుకున్నాను. అలిగితే తిట్టడానికి మాటలు కూడా వెతుక్కున్నాను. నాలుగింటికి నేను లేచేసరికి బూట్లు వేసుకుని బండి పక్కన నిలబడి ఉంది. సగం దారిలో వెనక నుంచి మెల్లగా అడిగింది.

“చెల్లెలు ఉంటే ఇప్పుడు ఏ క్లాసు తాతా?”

మనసులో లెక్క వేశాను. ఎనిమిది. వాణి ఇప్పుడు కూర్చుంటున్నది ఆ తరగతిలోనే. బండి తోలుతూనే ఉన్నాను.

ఆ రోజు నుంచి ఏ పని చెప్పినా చేస్తుంది. పరిగెత్తమంటే పరిగెత్తుతుంది, కొట్టమంటే కొడుతుంది, తినమంటే తింటుంది. నా మొహం మాత్రం చూడదు. దానితో ఎనిమిది దాకా చదివిన పిల్లలు మార్చిలో పది పరీక్ష రాస్తారు. బస్టాండులో వాళ్ళు కనబడితే నా వెనక్కి వచ్చి నిలబడుతుంది. ఇది పదమూడేళ్ళ పిల్లల మధ్య వంగి, పొట్టిగా కనబడడానికి చూస్తుంది. నడుము వంచి నడవడం దానికి అలవాటైపోయింది. అది నేను నేర్పిన ఆటే.

ఎటు చూసినా దారి లేదు ఉషా. క్యాంపుకు పంపితే ఇంకొక పిల్ల చేయి దొంగిలించాలి. ఈ సంవత్సరం గడిచినా వచ్చే సంవత్సరం మళ్ళీ ఎక్స్‌రే ఉంటుంది. పంపకపోతే ఎందుకు పంపలేదని అడుగుతారు. నిజం చెబితే ఆటలో నుంచి తీసేస్తారు. చెప్పకపోతే రేపు పది సర్టిఫికెట్టులో, ఉద్యోగంలో, పెళ్ళి కాగితంలో, అది చచ్చేదాకా చిన్నదాని తేదీనే మోయాలి. తప్పు చేసింది నేను, ఏ మెట్టు దగ్గర చూసినా ఇరుక్కుంది దాని కాలు.

బుధవారం సుశీల్ కుమార్‌కు మా పిల్ల రాదని చెప్పేశాను. అతను గ్రౌండు మధ్యలో నా మీద లేచాడు.

“పిల్ల జీవితం నాశనం చేస్తా ఉండావు పెద్దాయనా.”

“ఏడాదిన్నర కిందనే చేసినాను. ఇప్పుడు చెప్పేదానికి వచ్చినాను” అన్నాను.

అక్కడి నుంచి నేరుగా పుట్టిన కాగితాలు ఇచ్చే ఆఫీసుకు పోయి చేసిందంతా చెప్పాను. అక్కడి గుమాస్తా విని, నా మీద కేసు పడవచ్చని అన్నాడు. పడనీ. వాణిని ఆటలో రెండేళ్ళు పక్కన పెట్టవచ్చని సుశీల్ కుమార్ అన్నాడు. దానికి మాత్రం పడనీ అనలేకపోయాను. క్యాంపు లేదని చెప్పిన రాత్రి వాణి నన్ను అడిగింది ఒకటే, “నాకు ఆడేది ఉంటదా తాతా?” అని. దానికి ఆట ఇష్టమే ఉషా. నాకు ఆ సంగతి ఇన్నాళ్ళూ తెలియదు. నేను తోలితేనే ఆడుతుందనుకున్నాను. తెలియదని చెప్పాను. కర్ర తీసుకుపోయి మంచం పక్కన పెట్టుకుని పడుకుంది.

నువ్వు దాన్ని తిట్టిన తిట్లన్నీ నావి. ఈ శుక్రవారం ఫోను చేసి నన్ను తిట్టు. స్పీకరులోనే తిట్టు. అది వినాలి.

ఇక నీతో పని ఉంది. వాణి తేదీ సరిచేయాలంటే ముందు చిన్నది పోయినట్టు రాయించాలట. తల్లి సంతకంతో కాగితం రావాలట. అక్కడ మన దేశం ఆఫీసులో చేసి ఇస్తారని సమాధానం అంటున్నాడు, నిన్ను తీసుకుపోతానన్నాడు. అన్నేళ్ళ కిందటి దాన్ని మళ్ళీ నీ చేత్తో రాయమని అడుగుతున్నాను. ఇంకొక దారి ఉంటే అడిగేవాడిని కాదు. పోయిన తేదీ నాకు తెలుసు. కాలవ గట్టుకు చేతుల మీద తీసుకుపోయింది నేనే.

పేరు కూడా రాయాలన్నారు. పేరు పెట్టకముందే పోయిందని చెప్పి వచ్చాను. ఇంటికి వచ్చి ఆ మాట అంటే మీ అమ్మ రెండు వారాల తర్వాత నోరు తెరిచింది. “పాలిచ్చేటప్పుడు ఉష దాన్ని ఏదో పేరుతో పిలుస్తా ఉండేది, నాకు గుర్తు రావడం లేదు” అంది. నీకు గుర్తుంటుంది. అది రాసి పంపు. ఆ ఖాళీలో నేను రాయించిన పేరు కొట్టించి, నువ్వు పిలిచిన పేరు రాయిస్తాను.

ఇట్లు,
నీకు ఎదురుగా నిలబడి ఈ మాట చెప్పలేని
మీ నాయన
హజరత్తయ్య