యాభై నిమిషాల దారి

తమ్ముడికి అక్క ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. నువ్వు క్షేమమని రాయమని అడగను. వేళకు తింటున్నానని రాస్తే చాలు.

నా కాలి కట్టు విప్పేశారు. మరదలు పోయినప్పుడు నన్ను మంచం దిగనివ్వని కాలు, ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తోంది. మెట్ల దగ్గర మాత్రం మీ బావ చెయ్యి పట్టుకుంటున్నారు, పెళ్లిలో పట్టుకున్నదానికన్నా గట్టిగా.

మరదలి కుట్టుమిషను ఎవరికైనా ఇచ్చేయనా అని అడిగావు. ఇవ్వకు. అప్పుడే ఏదీ ఇవ్వకు.

"రెండు ఎయిర్‌పోర్టుల మధ్య యాభై నిమిషాలే కదక్కా, ఇంకా ఎందుకు రావు?" అనీ అడిగావు. నిజమే. పొద్దున ఇక్కడ బయల్దేరిన చిన్న విమానం సాయంత్రానికి తిరిగొచ్చేస్తుంది. "బెల్టు పెట్టుకోవడం, తీసేయడం, అంతేనే మీ తమ్ముడి ఊరు" అంటారు మీ బావ.

మనకు ఆ దారి పగలంతా పట్టేది. నీ పెళ్లయిన కొత్తలో ముగ్గురం బస్సులో వెళ్లాం, గుర్తుందా? మన వసపిట్ట మరదలు ఎక్కిన దగ్గర్నుంచి మాట్లాడుతూనే ఉంది. "కాస్త ఊపిరి తీసుకోండమ్మా, బస్సు కూడా మధ్యమధ్య ఆగుతోంది" అన్నాడు కండక్టరు. "మీ బస్సుకి చెప్పడానికేం లేదు, ఆగుతుంది" అంది. నువ్వు సిగ్గుపడి నా భుజం మీద దొంగనిద్ర పోయావు. వదినా అని పిలవవే అంటే వినేది కాదు. నీకు పోటీగా అక్కా అనే పిలిచేది.

అంతకు ముందు, నువ్వు మా ఇంట్లో ఉండగా అమ్మ పోయిన కబురు వచ్చిన రోజూ ఆ బస్సే. వంతెన దాటేదాకా ఇద్దరం ఏడ్చాం. బస్సు ఆగిన చోట కుళాయి దగ్గర నీ మొహం కడిగి, కొంగుతో తుడిచాను. "నాన్న ముందు ఏడవకు" అన్నాను. పొడి మొహాలతో దిగాం.

ఇప్పుడొక మాట, కోప్పడకు. పోయిన గురువారం నేను మీ ఊరు వచ్చాను.

విమానంలో కళ్లు మూసుకుని దేవుడితో చెప్పుకుందామనుకున్నాను. వసపిట్ట అనేసరికే కన్నీళ్లు మొదలయ్యాయి. అవి ఆగకముందే విమానం దిగిపోయింది. వంతెన రాలేదు, కుళాయి రాలేదు. అక్కడి బాత్రూములో ఎన్నిసార్లు మొహం కడుక్కున్నా మళ్లీ తడుస్తూనే ఉంది. బయట టాక్సీ అతను "ఎక్కడికమ్మా?" అంటే మీ వీధి పేరు చెప్పబోయి మళ్లీ ఏడ్చేశాను. నీకు ధైర్యం చెప్పాల్సినదాన్ని, ఈ మొహంతో ఎలా వస్తానని సాయంత్రం దాకా అక్కడే కూర్చుని, అదే విమానంలో తిరిగొచ్చేశాను. మీ బావతో నువ్వు బాగానే ఉన్నావన్నాను.

నిన్న నీ ఉత్తరం అందింది. "వచ్చినవాళ్లంతా ధైర్యం చెప్పి వెళ్తున్నారు. నాకింకా ఏడుపే రాలేదక్కా" అని రాశావు. అక్కడ ఆగిపోయాను. చాలాసేపు ప్రార్థనలో కూర్చున్నాను. లేచి మీ బావకు నిజం చెప్పాను. "అయితే ఎయిర్‌పోర్టు చూసొచ్చావన్నమాట" అన్నారు. కొత్త టికెట్టు ఆయనే తెచ్చారు.

ఈ గురువారం వస్తున్నాను. ఎయిర్‌పోర్టు బయటి తలుపు దగ్గరే నిలబడు. ఈసారి మొహం కడుక్కోకుండానే బయటికి వస్తాను.

ఇట్లు,
మీ ఇద్దరి అక్క