పెంటమ్మ చెప్పిన నాలుగంకెలు

జూన్ 18, మహానగరం

ప్రియమైన జయరాజుకు,

ఈ లేఖలో జరగబోయే సమస్త అపరాధాలకు నా తరఫున, నా కుర్చీ తరఫున, ఆ కుర్చీకి లేని నాలుగో కాలి తరఫున ముందే క్షమాపణ వేడుకుంటున్నాను. జవాబుకు పదకొండు రోజులు పట్టింది. కోటిమంది ఉండే నగరాన్ని నడిపేవాడికి ఆ మాత్రం ఆలస్యం తప్పదు. నడపడమంటే ఏం లేదు. నేను వార్డు ఆఫీసులో ఔట్‌సోర్సింగ్ ఆపరేటర్‌ని. జనం యాప్‌లో పెట్టిన ఫిర్యాదులు నా తెర మీద పడతాయి. నేను వాటిని ఇంకొకరి తెర మీదికి తోస్తాను. దీన్నే పరిపాలన అంటారు.

"ఫోన్ల అడిగితే నవ్వే బొమ్మ పెట్టి తప్పించుకుంటవ్, కాగితానికైతే కాగితమే రాయాలె" అన్నావు. సూర్యాపేటలో డిగ్రీ మూడేళ్లూ ఒకే గదిలో ఉన్నందుకు నన్ను బాగానే చదివావు.

ఇక విషయం. మీ అమ్మ ఉండే వాడలో మురికికాలువ మీది బండ పగిలింది, నిజమే. వెళ్లి చూశాను. రోజూ తెల్లారేసరికి రోడ్లు ఊడవడానికి ఆమె దాన్ని దాటే పోవాలి. అమ్మ, అదే మన పెంటమ్మ, నాకు చాయ్ పోసి, "మా వాడకు పెద్దసార్‌వి వచ్చినవ్ బిడ్డా" అంది. ఆమె ఫోన్‌లోంచే ఫిర్యాదు పెట్టాను.

ఇప్పుడు విను. బండ ఇంజినీరింగ్ వాళ్లది. కింద పారే నీళ్లు నీళ్ల బోర్డువి. పైన వెలగాల్సిన లైటు వీధిదీపాల విభాగానిది. మధ్యలో ఉన్న కంత ఎవరిదీ కాదు. ఫిర్యాదును ఇంజినీరింగ్‌కు పంపితే వాళ్లు నీళ్ల బోర్డుకు తోశారు, బోర్డు తిరిగి నాకే తోసింది. కార్పొరేటర్‌ను అడిగితే, "ఆ వాడ ఓట్లు పక్క డివిజన్ల ఉన్నయి గదా తమ్మీ" అన్నాడు.

అయినా దిగులుపడకు. పని అయిందని మాకు మేమే అనుకుంటే సరిపోదు. ఫిర్యాదు చేసినవాళ్ల ఫోన్‌కు నాలుగంకెలు వస్తాయి. అవి వాళ్లు చెబితేనే ఫిర్యాదు మూతపడుతుంది. తాళంచెవి అమ్మ చేతిలోనే ఉంది.

నీ నగర పాలకుడు (తాత్కాలికం),
సాగర్


జూన్ 24, మిర్యాలగూడ

ప్రియమైన సాగర్‌కు వందనాలు,

నీ ఉత్తరం మిల్లులో చదివి నవ్వుతుంటే హమాలీలు నన్ను వింతగా చూశారు. అమ్మ కూడా ధైర్యంగానే ఉంది. "సాగర్ వచ్చి సూసి పోయిండు, ఇగ అయితది" అంటోంది.

ఒక్క మాట. అమ్మ ఆరింటికల్లా హాజరు పట్టేచోట ఫోన్‌కు ముఖం చూపించాలి. నిమిషం దాటితే ఆ రోజు రానట్టే. అందుకే ఉరుకుతుంది. వానపడితే నీళ్లు నిండి కంత కనబడదు. "చీపురుకట్టెతోని తడుముకుంట పోతున్న, నువ్వు పరేషాన్ గాకు" అంటుంది. ఆమె అలా అన్న రోజు నాకు అన్నం సయించదు.

జోకులు తర్వాత రాయి. ముందు బండ వేయించరా.

నీ
జయరాజు


జూన్ 29, మహానగరం

ప్రియమైన జయరాజుకు,

శుభవార్త. బండ మంజూరైంది. మంజూరంటే బండ అనే మాటను ఒక కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టడం. దాని మీద కాలు పెట్టడానికి ఇంకా వీలుపడదు.

మా ఇంజినీరు శోభారాణి మేడం "నెలాఖరు పోనీ" అన్నారు. నెలాఖరు మాకు పరీక్ష. ఎన్ని ఫిర్యాదులు మూశారో చూసి వార్డులకు ర్యాంకులిస్తారు. ఎన్ని బండలు వేశారని ఎవరూ అడగరు. పోయిన నెల మాది కింది నుంచి రెండో స్థానం. "ఈసారి కూడా గిట్లనే అయితే ముందుగాల పోయేది ఔట్‌సోర్సింగోళ్లే" అని మేడం చాలా మర్యాదగా, నా వైపు చూడకుండా చెప్పారు.

కంగారుపడకు. నేనున్నాను.

నీ
సాగర్


జూలై 21, కోదాడ

ప్రియమైన అని రాయడం అలవాటు కాబట్టి రాస్తున్నాను, సాగర్.

తొమ్మిదో తారీఖు పొద్దున వానలో అమ్మ ఆ కంతలో పడింది. తుంటి ఎముక విరిగింది. దవాఖానలో ఆపరేషన్ చేయించి, మిల్లుకు సెలవు పెట్టి మా ఊరు కోదాడకు తీసుకొచ్చాను. ఇక ఊడిచే పని ఆమె వల్ల కాదన్నారు డాక్టర్లు. ముఖం చూపించడానికి రాలేదని హాజరు జాబితాలోంచి పేరు కూడా తీసేశారు. అమ్మ మంచంలో ఉండి కూడా ఆరింటికి లేచి ఫోన్ వెతుక్కుంటోంది.

ఆ ఫోన్ నేను చూశాను. ఫిర్యాదు పరిష్కారమైందని ఉంది, జూన్ ముప్పై తారీఖుతో. బండ లేదు. నాలుగంకెలు చెబితేనే మూతపడుతుందని నువ్వే రాశావు. అమ్మను అడిగాను.

"ఎవరో ఆఫీసు పిలగాడు ఫోన్ చేసిండు. నంబర్ చెప్తె జల్ది పని అయితదన్నడు, చెప్పిన."

"ఎవరమ్మా?"

"గొంతు యాదికి లేదు. ఇడిసిపెట్టు బిడ్డా, వానికి ఏం కష్టమొచ్చెనో."

నేను విడిచిపెట్టలేను. నువ్వు ఆ ఆఫీసులోనే ఉన్నావు. వాడెవడో కనుక్కో. ఒక్క పేరు చాలు.

జయరాజు


జూలై 28, మహానగరం

ప్రియమైన జయరాజుకు,

బండ పడింది. నిన్న మూడు విభాగాలూ ఒకేసారి వచ్చి, దాని చుట్టూ నిలబడి ఫొటో దిగాయి. జూన్‌లో మా వార్డు ర్యాంకు నాలుగు. మేడం అందరికీ లడ్డూలు పంచారు. నేనూ తిన్నాను.

నువ్వు అడిగిన పేరు కోసం మా పద్ధతిలోనే విచారణ మొదలుపెట్టాను. మేడం ఎవరికీ ఫోన్ చేయమని చెప్పలేదట. "ఇయ్యాలటికి అన్నీ మూయాలె" అన్నారంతే. పైవాళ్లు మేడానికీ అంతే చెప్పారట. ఇలా తోసుకుంటూ పోతే ఇంకో పేజీ రాయగలను, నీకు నవ్వు కూడా తెప్పించగలను. కానీ ఇది నా తెర మీదికే తిరిగి వస్తుంది.

జూన్ ముప్పై మధ్యాహ్నం ఫోన్ చేసింది నేనే. "అమ్మా, సాగర్‌ను" అని పేరు చెప్పి మరీ అడిగాను. ఆమె మొదట "తిన్నవా బిడ్డా" అంది. తర్వాత అద్దాలు పెట్టుకుని ఒక్కో అంకే చదివింది. ఏడు. రెండు. సున్నా. ఐదు. "సక్కగ రాసుకున్నవా?" అని మళ్లీ మొదటి నుంచి చెప్పింది. బండ పడలేదని నాకు తెలుసు. తెలిసే ఆ నాలుగంకెలూ కొట్టి, మూసేశాను.

సాగర్