నేను మార్చిన పిడి చెక్కలు

ముఐథర్ (ఖతార్), నవంబరు 1978, గురువారం

చమురు ధర పెరిగేకొద్దీ మా అర్బాబ్‌కి, అదే మా యజమానికి, పాత జర్మన్ పోలీసు పిస్తోళ్ల పిచ్చీ పెరుగుతోంది. ఏదో ఒక భాగం మిగతావాటికి భిన్నంగా ఉన్నదైతే ఎంతకైనా కొంటాడు. ఆరేళ్లుగా వాటిని తుడిచి, నూనె రాసి పెడుతున్నది నేను. ఇవాళ బీరువా తాళంచెవి మాత్రం మొన్న సైటు పని మాని వచ్చిన మల్లేశానికి ఇచ్చాడు.

కడుపు మండిపోయింది. పొద్దున కొత్తగా వచ్చిన రెండు పిస్తోళ్లను మల్లేశం తుడిచి పెట్టి భోజనానికి వెళ్ళాడు. ఒకదానికి నల్లవి, ఇంకోదానికి గోధుమరంగువి ఉన్న పిడి చెక్కల్ని నేను ఊడదీసి, దీనివి దానికి, దానివి దీనికి బిగించాను. సాయంత్రం చూడటానికి వచ్చే జర్మన్ ఇంజనీరు తప్పు పట్టుకుంటాడు, మల్లేశానికి చీవాట్లు పడతాయి అనుకున్నాను.

ఇంజనీరు నల్ల చెక్కలున్నదాన్ని చాలాసేపు తిప్పి చూశాడు. ఇలాంటిది ఇంతవరకూ చూడలేదన్నాడు. అర్బాబ్ ఉబ్బిపోయి మల్లేశం భుజం తట్టాడు.

ఇప్పుడే మల్లేశం నా మంచం దగ్గరికి వచ్చాడు.

"అన్నా, పొద్దుగాల గా నల్ల చెక్కలు దానికి లేకుండె. నువ్వే మార్చినవ్ గదా? అర్బాబ్‌కు చెప్తా. పేరు నీకే రావాలె."

వాడి ముఖంలో వెటకారం ఉందేమోనని వెతికాను. లేదు.

"వద్దులేరా, నీ పేరే ఉండనీ," అన్నాను.

వెళ్తూ వెళ్తూ నాకు దండం పెట్టాడు.