ఇంకా తెల్లగానే ఉంది

శనివారం రాత్రి

పార్వతి పోయే ముందు గడ్డికుప్ప మీద కోసిన పుట్టగొడుగు ముక్కనే ఇన్నాళ్లూ సీసా నుంచి సీసాకు మారుస్తూ, బంగాళాదుంప రసంతో గడ్డకట్టించిన అగర్ జెల్లీ మీద బతికించుకొచ్చాను. నేను బొబ్బిలి వెళ్లినప్పుడు ఆమె తమ్ముడు ఆ సీసాలన్నీ ఫ్రిజ్‌లో పెట్టేశాడు.

"ఎండకి సచ్చిపోతాయని ఎట్టాను బావా. మా అక్కకీ సల్లదనమే ఇష్టం కదేటి!"

గడ్డి పుట్టగొడుగు చలికే చచ్చిపోతుందని వాడికి చెప్పలేదు. ఆ సీసాల్లో ఒకదాన్లోంచి ఒక ముక్క తీసి కొత్త అగర్ ప్లేటులో పెట్టాను. ఈరోజు దాని చుట్టూ తెల్లటి నూలు లేచింది. పార్వతీ అని నోటిదాకా వచ్చింది.

కానీ బూజైనా మొదట తెల్లగానే ఉంటుంది, తర్వాతే ఆకుపచ్చకు తిరుగుతుంది. ఇందాక ప్లేటును దీపం దగ్గరికి తీసుకెళ్లబోయి, మళ్లీ గుడ్డ కప్పేశాను.

ఈ రాత్రికి తెల్లగానే ఉండనీ.