తలుపు లేని మాటకోట

జూన్ 8, ఆదివారం

పేరు ఖాయమైంది. మాటకోట. ఆ పేరుతో ఇంకెవరికీ వెబ్‌సైటు లేదు. చర్చి నుంచి రాగానే, చీర కూడా మార్చుకోకుండా రిజిస్టర్ చేశాను. అంత తొందరేముందని అమ్మ అడిగింది. ఏమీ లేదు. కాలు ఒకచోట నిలవడం లేదు, అంతే.

తెలుగు టెక్స్ట్ గేమ్స్ అన్నీ ఇందులో ఉండాలి. ఎవరు తయారు చేసినా పంపవచ్చు. జాబితాలో చూసుకుని ఎవరైనా అక్కడే ఆడవచ్చు. టెక్స్ట్ గేమ్ అంటే నేను పాఠాలు చెప్పే కాలేజీ పిల్లలకే తెలియదు. బొమ్మలుండవు. ఎక్కడున్నావో ఆట మాటల్లో చెబుతుంది. ఏం చేస్తావో నువ్వు టైప్ చేయాలి. తూర్పుకు వెళ్ళు. తలుపు తట్టు. దాన్నిబట్టి కథ సాగుతుంది.

వీటిని నాకు నేర్పింది మా జయపాల్ అన్న. అన్నకు ఆత్మకూరు బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ రిపేరు షాపు ఉండేది. ఆరేళ్ల కిందట రెండు కళ్ల నరాలూ ఎండిపోయాయి. ముప్పై ఏళ్లకే చూపు పోయింది. అప్పటినుంచి ఉదయగిరిలో మా ఇంటి వరండా దాటడు. ఫోన్లో స్క్రీన్ రీడర్ పెట్టుకుంటాడు. తెరమీద ఏముంటే అది చదివి వినిపిస్తుంది. అలా వింటూ ఇంగ్లీషు టెక్స్ట్ గేమ్స్ ఆడతాడు. ఆ ఆటల్లో అన్న ఓడ నడుపుతాడు. ఇంట్లో మంచినీళ్ల గ్లాసు కూడా అమ్మ చేతికందించాలి.

జూన్ 11, ఉదయం 7.30, బస్సులో

సీటు దొరికింది. అక్షరాలు మాత్రం వంకర పోతున్నాయి. ఆత్మకూరు చేరేలోపు ఇది రాయాలి.

అన్న ఆట రాశాడు. రెండు నెలలుగా వరండాలో కూర్చుని గొణుక్కుంటుంటే ఎవరితోనో ఫోన్ అనుకున్నాం. కాదు, ఆటను ఫోన్‌కు చెప్పి రాయిస్తున్నాడట. పేరు దుర్గం. మన ఉదయగిరి కోట కొండే. ఎండెక్కక ముందే ఒంటరిగా పైకి చేరుకోవాలి. గాలి ఎడమ చెవికి తగిలితే మలుపు వచ్చినట్టు. అరచేతి కింద రాయి నున్నగా ఉంటే నలుగురూ నడిచే దారి, గరుకుగా ఉంటే కాదు. ఒక మెట్టుమీద ఎవరో చెక్క గరిటె మర్చిపోయారు. ఆడుతూ నేను తీసుకున్నాను. ఎందుకో ఇంకా తెలియదు.

ఒక్క షరతు పెట్టాడు. సైటులో తన పేరు వేయకూడదు. "గుడ్డోడు చేసినాడంట అని జాలిపడి ఆడతారు. నాకొద్దు" అన్నాడు.

జూన్ 19

హోమ్ పేజీకి కొండ ఫోటోలు నలభై తీశాను. ఒక్కటీ నచ్చలేదు.

జూన్ 29, ఆదివారం

నలభై ఒకటోది నచ్చింది. పొద్దున్నే, మబ్బు కొండ నడుముదాకా దిగినప్పుడు తీసింది. పేజీ నిండా అదే. బురుజు మీద వేలు పెడితే ఆట పేరు జెండాలా విచ్చుకుంటుంది. ఒక్కో ఆటకు ఒక్కో పోస్టరు. దొంగ అకౌంట్లు రాకుండా వంకర అక్షరాల బొమ్మ కూడా పెట్టాను. ఆ అక్షరాలు చూసి టైప్ చేస్తేనే సభ్యత్వం.

అంగన్‌వాడీ టీచరైన మా అమ్మ చూసి పెళ్లి కార్డులా ఉందంది. అంతకన్నా పెద్ద మెప్పు ఆమె దగ్గర లేదు.

అన్న పక్కన కూర్చుని అంతా వర్ణించి చెప్పాను. తల వంచుకుని విన్నాడు. ఆట లోపలికి పోవాలంటే ఎక్కడ నొక్కాలని అడిగాడు. బురుజు మీద అన్నాను. ఊఁ అన్నాడు.

జూలై 6, ఆదివారం

మధ్యాహ్నం 12.05. సైటు తెరిచాను.

12.20. ఇద్దరు వచ్చారు. అందులో ఒకరు నేనే.

1.00. పదకొండు మంది.

3.40. నలభై. అన్నం తినలేదు. మా ఏంజెలిన్ కాళ్లకు చక్రాలు కట్టుకున్నదని అమ్మ పక్కింటి దేవకమ్మతో చెబుతోంది.

5.00. అరవై మూడు. ఆడావా అని అన్నను అడిగాను. "ఆడినాను పాపా. బాగుండాది. సాఫీగా పోతా ఉండాది" అన్నాడు. నాకు ఎగరాలనిపించింది.

జూలై 12

ఆటలు ఐదయ్యాయి. కలువాయి నుంచి గోపాలయ్య అనే ఆయన మామిడితోట కాపలా ఆట పంపాడు. ఊరికే కూర్చుంటే కోతులు కాయలన్నీ కోసుకుపోతాయి, ఓడిపోతాం. కాలేజీ ల్యాబులో పిల్లలు ఆ కోతుల దెబ్బకు నవ్వీ నవ్వీ అలిసిపోయారు.

ఇంకో సంగతి. బెంగుళూరు కంపెనీ ఒకదాని నుంచి మెసేజ్ వచ్చింది. మాటకోట హోమ్ పేజీ చూశారట, డిజైన్ చాలా బాగుందట, ఇంటర్వ్యూకు వస్తారా అని. ఆరేళ్ల కిందట కూడా నాకు బెంగుళూరులోనే ఉద్యోగం వచ్చింది. ఆ నెలలోనే అన్న చూపు పోయింది. వెళ్లలేదు. ఆత్మకూరులో కంప్యూటర్ పాఠాలకు కుదురుకున్నాను. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు, నేనూ ఎత్తను. మెసేజ్ పన్నెండుసార్లు చదివాను. ఎవరికీ చెప్పలేదు.

జూలై 15, మంగళవారం, స్టాఫ్ రూములో

మెయిల్ వచ్చింది. మీ మాటకోటకు తలుపు ఎక్కడుందో చెప్పగలరా అని మొదలవుతుంది.

రాసినామె పేరు సుస్మిత. వింజమూరులో సోషల్ టీచరు. పుట్టుకతోనే చూపు లేదట. మాటలతో ఆడే ఆటలని విని ఆశగా వచ్చిందట. ఆమె ఫోన్ చదివి వినిపించింది ఇంతే: బొమ్మ. బటన్. బటన్. బొమ్మ. బటన్. ఏ బటన్ దేనికో పేరు లేదు. ఏదో ఒకటి నొక్కితే సభ్యత్వం పేజీ వచ్చింది. అక్కడ బొమ్మలోని అక్షరాలు చూసి టైప్ చేయమంది. మూడు రోజులు ప్రయత్నించానని రాసింది. కింద ఫోన్ నంబరు ఇచ్చింది. ఎక్కడా కోపం లేదు. తిట్టి ఉంటే బాగుండేది.

రెండోసారి చదువుతుంటే తట్టింది. ఆమెకు దొరకని తలుపు అన్నకు ఎలా దొరికింది?

జూలై 16

నిన్న సాయంత్రం బస్సు దిగి నేరుగా వరండాలోకి వెళ్లి అడిగాను. ఒప్పుకున్నాడు. ఒక్కసారి కూడా లోపలికి వెళ్లలేకపోయాడు. తన ఆటను తానే ఆడలేకపోయాడు. తొమ్మిది రోజులు.

మరి బాగుందని ఎందుకు చెప్పావంటే, "నువ్వు అంత సంబరంగా చెప్తా ఉంటే నాకు దారి దొరకలేదని ఎట్టా చెప్పేది? అందరూ నాకోసరం ఏదో ఒకటి చేస్తానే ఉండారు. బాగుండాది అనేది నాకు అలవాటైపోయినాది" అన్నాడు.

అక్కడితో ఆగాల్సింది. ఆగలేదు. బెంగుళూరు మెసేజ్ సంగతి చెప్పాను. ఆరేళ్ల కిందటిది కూడా చెప్పాను. "నీ కోసరమే గదా నేను ఈడ పడి ఉండేది" అనేశాను. వంటింట్లో అమ్మ గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"నేను ఉండమన్నానా పాపా?" అని అడిగాడు.

గొంతు పెంచలేదు. నిజంగా గుర్తులేక తెలుసుకోవడానికి అడిగినట్టు అడిగాడు. నేను వెతుక్కున్నాను. అనలేదు. అన్న అనలేదు, అమ్మ అనలేదు. ఎవరూ అడగకుండానే ఉండిపోయాను. బాకీ మాత్రం అన్న పేరున రాసుకున్నాను.

జూలై 17

అన్న మాట్లాడలేదు. నేనూ.

జూలై 20, ఆదివారం

చర్చికి వెళ్లలేదు. గది తలుపు వేసుకుని లాప్‌టాప్ తెర నల్లగా చేశాను. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని స్క్రీన్ రీడర్‌తో నా సైటులోకి నేనే వెళ్లాను.

నలభై నిమిషాలు. ఒక్క ఆట కూడా దొరకలేదు. ప్రతి మూలా కట్టినదాన్ని నేనే. అయినా దారి తప్పాను. మబ్బు దిగిన కొండను అది "ఐఎంజీ నలభై ఒకటి" అని చదివి ముందుకు పోయింది.

ఇది ఎవరికోసం కట్టానో ఇక్కడైనా ఒప్పుకోవాలి. ఆ బెంగుళూరు వాళ్లలాంటి వాళ్లు చూసి మెచ్చుకోవాలని కట్టాను. అన్న కోసమని అందరికీ చెప్పుకున్నాను.

సైటును బయటివాళ్లకు మూసేశాను. తలుపు పెడుతున్నాం, ఆగండి అని ఒక్క వాక్యం ఉంచాను. సుస్మిత మెయిల్‌ను, పాత పేజీ లింకును అన్న ఫోన్‌కు పంపాను. క్షమించమని రాయబోయి చెరిపేశాను. రాయాల్సింది.

జూలై 22

పక్కగదిలో ఉన్న నాకు వరండా నుంచి అన్న వాయిస్ మెసేజ్ పంపాడు. పంతొమ్మిది నిమిషాలు.

సుస్మితకు ఫోన్ చేశాడట. ఇద్దరూ ఫోన్లోనే కలిసి తప్పులు ఏరారు. ముప్పై ఆరు. అన్నిటికీ నంబర్లు. "పదకొండు. ఆట పేరు బొమ్మలో రాసినావు. ఆ బొమ్మ మాకెందుకు?" "పంతొమ్మిది. ఎర్ర బటన్ నొక్కమన్నావు. ఎర్రది ఏదో ఎవురు చెప్పాల?" షాపులో కుర్చీ మీద కూర్చుని ఫోన్లు విప్పే రోజుల్లో, ఎవరైనా బోర్డు పాడుచేసి తెస్తే ఈ గొంతుతోనే వాయించేవాడు. ఆ గొంతు ఇంకా ఉందని నాకు తెలియదు.

చివరిది: "ముప్పై ఆరు. దుర్గం కింద నా పేరు వెయ్యి."

మళ్లీ మొదటినుంచి విన్నాను. అప్పుడు లేచి వరండాలోకి వెళ్లి, రాయబోయి చెరిపేసిన మాట నోటితో చెప్పాను. ముందు ఒకటో నంబరు తప్పు సరిచెయ్యమన్నాడు.

ఆగస్టు 9

మాటలు కలిశాయి. అన్నీ బటన్ల గురించే. నేను సరిచేయడం, అన్న తప్పుపట్టడం. అమ్మ మధ్యలో అన్నం పెడుతోంది. ఇరవై ఎనిమిది అయ్యాయి. నాకు నిలకడ లేదని ఎప్పుడూ అనే అన్న, ఇప్పుడు నాకన్నా ముందే లేచి కూర్చుంటున్నాడు.

ఆగస్టు 17, ఆదివారం

మళ్లీ తెరిచాం. ఫోటో లేదు. పోస్టర్లు లేవు. పైన పేరు, కింద ఆటల జాబితా, ఒక్కోదాని కింద రెండు వాక్యాలు. వంకర అక్షరాల చోట ఒక ప్రశ్న: మేకకు కాళ్లెన్ని?

పోయినసారి మొదటిరోజు అరవై మూడు మంది. ఈరోజు పన్నెండు. ఒకరు రాగానే వెళ్లిపోయారు. మిగతా పదకొండు మంది సాయంత్రందాకా ఆడుతూనే ఉన్నారు. కొండపైకి మొదట చేరింది సుస్మిత. నలభై రెండో మెట్టు దగ్గర అచ్చుతప్పు ఉందని వెంటనే రాసింది.

ఆగస్టు 30, శనివారం

సుస్మిత మా ఇంటికి వచ్చింది. వింజమూరు నుంచి బస్సులో, ఒక్కతే. చేతిలో తెల్లకర్ర. ఒంటరిగా ఎలా వచ్చావమ్మా అని అమ్మ కంగారుపడింది. "కండక్టరుకు నోరుండాది, నాకు నోరుండాది. ఇంకేం కావాలమ్మా?" అంది.

అన్న ఆటల గురించే మాట్లాడాడు. ఆమె వెళ్లేటప్పుడు మాత్రం నాతోపాటు లేచి, నా భుజం పట్టుకుని బస్టాండుదాకా నడిచాడు. వరండా దాటి ఆరేళ్లయింది. దారిలో ఎవరో పలకరిస్తే గొంతునుబట్టి పేరు చెప్పాడు. ఇంటికొచ్చాక బీరువా మీది తన తెల్లకర్ర తీయమన్నాడు. కంటి క్యాంపులో ఇచ్చినప్పటి కవరు కూడా విప్పలేదు దానికి.

సెప్టెంబర్ 5

జూలైలో వచ్చిన మెసేజ్‌కు పోయిన వారం జవాబిచ్చాను. ఈరోజు బెంగుళూరు ఇంటర్వ్యూ, కాలేజీ ల్యాబు నుంచి వీడియోలో. ఆ అందమైన పేజీ ఎందుకు తీసేశారని అడిగారు. చెప్పాను. అన్న చెప్పిన అబద్ధం, నేనన్న మాట తప్ప అంతా చెప్పాను. వాళ్లలో ఒకామె రాసుకోవడం ఆపి, తమ సైటు కూడా ఒకసారి తెర నల్లగా చేసి చూడాలంది.

ఉద్యోగం రాదనుకున్నాను. బస్సులో నిలబడే వచ్చాను, సీట్లు ఖాళీగా ఉన్నా.

సెప్టెంబర్ 12

వచ్చింది. ఇంట్లో చెప్పాను. అమ్మ కడిగిన బియ్యాన్నే మళ్లీ కడిగింది.

అన్న ఇలా అన్నాడు. "పో పాపా. అడ్మిన్ పాస్‌వర్డ్ ఇచ్చి పో." మళ్లీ, "భయంగానే ఉండాది నాకు. బాగుండాది అని చెప్పను. అయినా నువ్వు పో" అన్నాడు.

సెప్టెంబర్ 28, ఆదివారం, బెంగుళూరు

హాస్టల్ గది. కిటికీ తెరిస్తే పక్క మేడ గోడ. పెట్టె విప్పలేదు. గదిలో ఈ చివరినుంచి ఆ చివరికి ఏడడుగులు.

మాటకోట తెరిచాను. పంతొమ్మిది మంది ఆడుతున్నారు. దుర్గంలోకి వెళ్లి మొదటి మెట్టు దగ్గర నిలబడ్డాను. ఏం టైప్ చేయాలో తోచలేదు. వేళ్లు వాటంతటవే "అన్నా" అని కొట్టాయి.

ఆ మాట ఈ ఆటకు తెలియదు అని వచ్చింది. ఆటకు తెలియని మాటలన్నీ అడ్మిన్‌కు, అంటే ఇప్పుడు అన్నకు, చేరతాయి.

సెప్టెంబర్ 29, మధ్యాహ్నం, ఆఫీసులో

అన్నా అని మళ్లీ కొట్టాను.

"పని మీద ఉండాడు. నువ్వు ఎక్కుతా ఉండు."